మేకు అడిగిన మనిషి

"మొల ఏది సారూ?" అన్నాడు పంక్చర్ల షెడ్డు కాకా.

నేను చెప్పాల్సిందంతా అప్పటికే చెప్పేశాను. చాయ్ తాగుతున్న ఇద్దరు ఆటోవాళ్లు, గాలి కోసం ట్రాలీ ఆపిన డ్రైవరు, పక్కన చాయ్ కొట్టు నడిపే అక్క, అందరూ వింటుండగానే చెప్పాను. "నిన్న పొద్దున కొట్టి చూసి గాలి ఫుల్లున్నదంటివి కద కాకా. లేదు. నర్సంపేట దాకా గూడ పోలేదు. టైరు తునకలైంది. మా ఆవిడ పక్కనే ఉన్నది."

గొంతు పెంచలేదు. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసినవాడికి గొంతు పెంచకుండానే మనిషిని నిలబెట్టి అడగడం వచ్చు. ఆ పద్ధతిలోనే అడిగాను.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. అరచెయ్యి చాచాడు. మేకును మా దిక్కు మొల అంటారు. టైరులో దిగిన మేకును నేను తెచ్చి ఉంటానని, ఆ చేతిలో పెడతానని ఆయన అనుకున్నాడు.

"మొలా? నేను చూడలేదు కాకా."

"సూడలేదా?"

"రోడ్డు మీద రబ్బరు కాలిన వాసన వస్తుంటే మొల దేవులాడుకుంట కూసుంటనా?"

చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని లుంగీకి తుడుచుకున్నాడు. ట్రాలీ డ్రైవరు "కాకా, నాది జర సూడు, పోవాలె" అన్నాడు. ఆయన అలవాటు ప్రకారం ఇనుప రాడ్డు అందుకుని, ట్రాలీ వెనక టైరు దగ్గర వంగి, ఎడమ చెయ్యి పైకెత్తాడు. అక్కడున్న అందరం మాటలాపేశాం. రాడ్డు మాత్రం టైరుకు తగలలేదు. ఆయన నా వైపు ఒకసారి చూసి, చెయ్యి దించి, షెడ్డులోకి వెళ్లి గాలి మీటరు తెచ్చాడు.

ఆయన చేతిలో మీటరు చూడడం ఆ రోడ్డు మీద అందరికీ అదే మొదటిసారి.

ఆ కొట్టు వరంగల్ నుంచి నర్సంపేట పోయే తోవలో, ఊరు పలచబడే చోట ఉండేది. రేకుల షెడ్డు, ముందు గాలి ట్యాంకు, వెనక ఒక గది. ఆ గదిలో ఆయన ఒక్కడే ఉండేవాడు. పేరు నాకు తెలియదు. డ్రైవర్లంతా కాకా అనేవారు, నేనూ కాకా అనేవాణ్ని. మనుషుల పేరు, ఊరు, వయసు అడిగి రాసుకోవడమే ఇన్నేళ్లూ నా ఉద్యోగం. రెండు స్కూటర్లు, ఒక పాత కారు ఆయన చేతుల మీదుగానే అరిగిపోయాయి. అయినా ఆ ఒక్క పేరు అడగలేదు.

షెడ్డులో రెండు ప్లాస్టిక్ కుర్చీలుండేవి. ఒకదాంట్లో ఆయన, రెండోదాంట్లో ఆయన టిఫిను డబ్బా. "ఒక్కనివి, రెండు కుర్సీలెందుకు కాకా?" అని ఒకసారి అడిగాను. "డబ్బ కూసుంటది సారూ. దానికి గూడ ఆరాం గావాలె కద," అన్నాడు. ఎవరైనా పని మీద వచ్చినప్పుడు ఆ డబ్బాను నేల మీద పెట్టి కుర్చీ జరిపేవాడు. వచ్చినవాళ్లు తొందరలో ఉండి నిలబడే మాట్లాడేవారు. వాళ్లు పోయాక డబ్బా మళ్లీ కుర్చీ ఎక్కేది.

పని అయిపోయాక బండిని వెంటనే పోనిచ్చేవాడు కాదు. "ఆగుండ్రి, వాల్వుకు టోపీ లేదు," అనేవాడు. గాలి కొట్టే చోట వాల్వు మీద పెట్టే చిన్న నల్ల మూత అది. దానికోసం షెడ్డంతా వెతికేవాడు, వెతుకుతూ ఏదో ఒక కబురు చెప్పేవాడు. ఊరిలో వానెట్లుంది, మీ పేపరాయన ఫలానా సంగతి ఎందుకు రాయలేదు, పత్తి ఇయ్యేడన్న నిలుస్తదా. కబురయ్యాక టోపీ చొక్కా జేబులోంచి బయటికొచ్చేది. అవి ఎప్పుడూ జేబులోనే ఉంటాయని నాకు రెండో మూడో ఏట అర్థమైంది.

ఆదివారం పొద్దున చర్చికి పోయేవాడు. వచ్చాక తెల్ల చొక్కా మార్చుకోకుండానే షెడ్డు ముందు కూర్చునేవాడు. ఆ రోజు పంక్చర్ వేసేవాడు కాదు, గాలి మాత్రం కొట్టేవాడు. అక్క ఎగతాళి చేసేది. "గదేం లెక్క కాకా? చేస్తే రెండూ చెయ్యాలె, లేకుంటే రెండూ బందు వెట్టాలె."

"గాలి దేవునిది చెల్లె. పంక్చర్ మనది. ఆయితారం దేవుని పనొక్కటే."

గాలి చూడడంలో ఆయనది ఒకటే పద్ధతి. మూరెడు ఇనుప రాడ్డు, పట్టుకునే చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉండేది. దానితో టైరును కొట్టి వినేవాడు. లారీ డ్రైవర్లు కూడా కొడతారు, అయితే వాళ్లు నడుస్తూ కొట్టుకుంటూ పోతారు. ఈయన అట్లా కాదు. టైరు పక్కన వంగి, తల కుడి భుజం మీదికి వాల్చి, ఎడమ చెయ్యి ఎత్తేవాడు. "సప్పుడు జెయ్యకుండ్రి." ఆటోల్లో పాటలు ఆగిపోయేవి. ఫోనులో మాట్లాడేవాళ్లు ఫోను ఛాతీకి ఆనించుకునేవారు. అక్క గిన్నెలో గరిటె తిప్పడం ఆపేది. బస్సు వస్తుంటే అది దాటిపోయేదాకా ఎత్తిన చెయ్యి దించకుండా ఉండేవాడు. అప్పుడు ఒకే ఒక్క దెబ్బ.

"ఇది ముప్పై ఉన్నది. గా ముందుదాంట్ల రెండు తక్కువ."

మొదట్లో మీటరు పెట్టి సరిచూసుకునేవాళ్లుండేవారట. తర్వాత మానేశారు. ఒక లారీ డ్రైవరు "కాకా, మా ఓనర్ తలకాయ మీద గూడ ఒక్క దెబ్బ కొట్టి చెప్పరాదు, లోపట ఏమన్న ఉన్నదో లేదో" అంటే, "గది కొట్టకున్నా ఎరుకే బిడ్డా" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఆయన మాత్రం అప్పటికే తర్వాతి టైరు దగ్గర చెయ్యి ఎత్తి ఉన్నాడు. నవ్వు టక్కున ఆగింది.

రోజులో ఎన్నో సార్లు, నాలుగైదు సెకన్ల చొప్పున, ఆ రోడ్డు పక్కన ఉన్నవాళ్లంతా ఆయన కోసం ఊపిరి బిగబట్టేవారు. ఆయనను ఎవరైనా పూర్తిగా పట్టించుకునేది ఆ కాసేపే అని నాకు చాలా ఆలస్యంగా తోచింది.

ఇక మేకులు. పంక్చర్ వేసిన ప్రతిసారీ లోపల దొరికిన మేకును బండి తెచ్చినవాళ్ల అరచేతిలో పెట్టేవాడు. "మొల సూపియ్యకుంటే నేనే పొక్క జేసిన్నంటరు," అనేవాడు. చూపించడంతో ఆగేవాడు కాదు. మేకును ఎండలోకి తెచ్చి, దాని తలను బొటనవేలితో తడిమి, జాతకం చెప్పేవాడు.

"ఇగో సారూ, మీ సుట్టం. నాలుగొద్దుల సంది మీ ఇంట్ల తింటాండు. మీకే ఎరుక లేదు."

తల తెల్లగా మెరుస్తూ అంచులు అరిగిపోయి ఉంటే పాత చుట్టం. ఇంకా నల్లగా ఉంటే ఇవాళే దిగినవాడు. ఒకసారి నా స్కూటరులో దొరికిన సన్న మేకును చూసి, "ఇది మీ ఆఫీసుకాడ దిగింది, కుర్సీలు మరమ్మతు చేపిచ్చిండ్రా?" అన్నాడు. నిజమే, ఆ వారమే చేయించారు. ఎవరూ తీసుకుపోని మేకులు ఒక పాలపొడి డబ్బాలో పడేవి. డబ్బా నిండితే ఏం చేస్తావని అడిగితే, "ఇంకో డబ్బ తెస్త. సుట్టాలు తక్కువైతరా," అన్నాడు.

ఇంతకూ ఆ టైరు సంగతి.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక హనుమకొండలో ఒక డాక్టరు వాడిన విదేశీ కంపెనీ కారు చవకగా దొరికితే కొన్నాను. మా ఆవిడకు మొదటి రోజు నుంచే అది నచ్చలేదు. "దీనికంటె ఎడ్లబండే నయం. నా నడుము ఇరుగుతాంది," అనేది. టైర్లు రాతితో చేసినట్టుండేవి. ముందు అద్దం కింద పసుపు దీపం ఒకటి వెలుగుతూనే ఉండేది. "అది ఎప్పుడూ అంతే, పట్టించుకోకండి" అన్నాడు అమ్మినాయన. నేను పట్టించుకోలేదు. దీపం ఉన్నా లేకున్నా గాలి సంగతి కాకా చెబుతాడన్న ధీమా ఉండేది.

ఆ పొద్దున నర్సంపేటలో పెళ్లికి పోతూ షెడ్డు దగ్గర ఆపాను. ఆయన చెయ్యి ఎత్తాడు, అందరూ ఊరుకున్నారు, నాలుగు దెబ్బలు కొట్టాడు. "అన్ని సమానమే సారూ. ఫుల్లున్నది. పోయి రాండ్రి." వాల్వు టోపీ ఒకటి వెతికి పెట్టాడు. బయలుదేరాం.

నర్సంపేట ఇంకా కొంత దూరం ఉందనగా కారు వెనక భాగం ఊగడం మొదలైంది. రోడ్డు బాగాలేదనుకుని అట్లాగే పోనిచ్చాను. తర్వాత టపటపమని చప్పుడు, కాలిన వాసన. దిగి చూస్తే వెనక ఎడమ టైరు పక్క గోడలు ఊడి, పేలికల్లా చక్రానికి వేలాడుతున్నాయి. డిక్కీ తెరిచాను. స్టెప్నీ లేదు. స్టెప్నీ పెట్టే గుంట కూడా లేదు. మా ఆవిడ పట్టుచీరతో పత్తి చేను గట్టు మీద కూర్చుని, "డాక్టరు సారు స్టెప్నీ ఇంట్ల మరిచిపోయిండా ఏంది?" అంది. అటు పోయే పెళ్లివాళ్ల ఆటో ఆమెను ఎక్కించుకుపోయింది. కారును ఇంకో బండి మీదికెక్కించి హనుమకొండలో ఒక పెద్ద టైర్ల షాపుకు పంపాను.

మర్నాడు పొద్దున్నే ఆటో దిగి కాకాను అడిగిన మాటలు మొదట్లో చెప్పినవే.

మూడు రోజుల తర్వాత హనుమకొండ షాపు మేనేజరు నాకు పాఠం చెప్పాడు. "మీ బండికి ఉన్నవి రన్‌ఫ్లాట్ టైర్లు సార్. వీటి పక్క గోడలు మందం. గాలి పోయినా బండి బరువు మోస్తయి. మెల్లగ పోతే షాపు దాకా తీస్కపోతయి. అందుకే కంపెనీవాళ్లు స్టెప్నీ ఇయ్యరు. గాలి పోయిందని ఆ పసుపు దీపం చెప్పాలె. మీదేమో ఎప్పుడూ వెలుగుతనే ఉన్నది. మీరు గాలి లేకుంట స్పీడుగ పోయిండ్రు. లోపట నలిగి నలిగి తెగింది."

"కొట్టి చూస్తే తెలుస్తదా?"

ఆయన నవ్వాడు. "అది ఓల్డ్ టెక్నిక్ సార్. ఈ టైర్లకు నడ్వదు. గట్టి గోడ, గాలున్నా లేకున్నా ఒక్క తీర్గనే మోగుతది."

నాలుగూ తీసేసి మామూలు టైర్లు వేసుకొమ్మని, మన రోడ్లకు అవే నయమని, నడుముకు కూడా సుఖమని చెప్పాడు. నాలుగు కొన్నాను. స్టెప్నీ కోసం ఒక పాత చక్రం ఇచ్చారు. బిగించడం మాత్రం వేరే చోట చేయించుకుంటానన్నాను. కారు కదలడానికి, తెగిన టైరు స్థానంలో వాడిన టైరొకటి తగిలించారు. తెగిన టైరును షాపు వెనక కుప్ప మీద పడేశారు. ఆ కుప్పను నేను చూశాను. దాని పక్కనే నిలబడి ఫోను మాట్లాడాను కూడా. మేకు గుర్తు రాలేదు. కాకాకు చెప్పడానికి మంచి కబురు దొరికిందన్న సంబరం ఒక్కటే ఉంది.

షెడ్డుకు వెళ్లగానే చెప్పాను. "కాకా, ఇవి గాలి లేకున్నా నిలబడే టైర్లట. కొట్టి చూస్తే ఎవ్వరికీ ఎరుకగాదట. నీ తప్పేం లేదు."

"ఎవ్వలన్నరు?"

"హనుమకొండ షాపాయన."

"ఆయన కొట్టి సూసిండా?"

"లేదు."

"మరి?"

ముందు కుడి టైరు దగ్గర కూర్చుని వాల్వులోని పిన్ను తీశాడు. గాలి బుస్సుమని పోయింది. కారు కుంగుతుందని అందరం చూస్తున్నాం. వేలెడు కుంగి ఆగింది. అక్క చాయ్ గరిటెతోనే వచ్చి నిలబడింది. "అవ్వో! గాలి మొత్తం పోయినా నిలబడ్డది గదా!"

"గదే చెల్లె దీని రోగం," అన్నాడు ఆయన. "పడ్తె గదా మంది సూసేది."

రాడ్డు తీసుకున్నాడు. చెయ్యి ఎత్తలేదు. ఎత్తకపోయినా అందరం ఊరుకున్నాం. ఖాళీ టైరును కొట్టాడు. లేచి, వెనక కుడి పక్కన గాలి ఉన్న రన్‌ఫ్లాట్‌ను కొట్టాడు. మళ్లీ ముందుది. మళ్లీ వెనకది. తల భుజం మీదికి వాలి ఉంది, కళ్లు మూసుకున్నాడు.

"తేడా ఉన్నది."

నాకు వినబడలేదు. అక్క కూడా తల అడ్డంగా ఊపింది. "నాకైతే రెండూ ఒక్క తీర్గనే ఉన్నయి కాకా."

"ఉన్నది. ఖాళీది జర మొద్దుగ వస్తాంది. ఉన్నది."

రాడ్డును నేల మీద పెట్టి నా వైపు తిరిగాడు. కోపం లేదు, లెక్క చెప్పేవాడి ముఖంలా ఉంది. "అట్లైతే సారూ, రెండే మాటలు. ఆ పొద్దున దాంట్ల గాలి లేకున్నా నేను ఉన్నదన్ననంటే, నా చెవి పోయినట్టు. గాలి ఉంటేనే ఉన్నదన్ననంటే, మొల తర్వాత తొవ్వల దిగినట్టు. ఇది షాపాయన చెప్పేది గాదు, మీరు చెప్పేది గాదు. మొల చెప్పాలె. తల నల్లగున్నదా, అరిగి తెల్లగైందా. నాకు గంతే గావాలె. తెచ్చిండ్రా?"

తప్పు లేదని చెప్పి ఊరడించడానికి వచ్చాను. ఆయనకు ఊరడింపు అక్కర్లేదు, తీర్పు కావాలి.

"ఆ షాపు కుప్పల ఉన్నది కాకా. రేపే తెస్త."

"తెండ్రి," అన్నాడు.

కళ్లు మూసుకోమని చెప్పి, ఎవరో ఒకరం టైరు కొట్టి ఆయన చెవిని అక్కడే పరీక్షించి ఉండవచ్చు. నేను ఆ మాట అనలేదు. ఆయనా అడగలేదు.

తర్వాత మధ్యాహ్నం దాకా ఆ టైర్లతో కుస్తీ పట్టాడు. గోడ మందం వల్ల ఇనుప పట్టీలకు లొంగలేదు. ఒక పక్క లేపితే ఇంకో పక్క బిగుసుకునేది. "మొండిది," అనేవాడు, మోకాలు ఆనించేవాడు, మళ్లీ "మొండిది" అనేవాడు. నేను చెయ్యి వెయ్యబోతే వద్దన్నాడు. మూడు రన్‌ఫ్లాట్‌లు షెడ్డు వెనక్కి చేరాయి. నాలుగు చక్రాలకూ మామూలు టైర్లు ఎక్కాయి. ఒక్కోదానికి మీటరు పెట్టి అంకె చదివాడు. డిక్కీలో గోనెసంచి పరిచి, పాత చక్రాన్ని దాని మీద పెట్టి తాడుతో కట్టాడు.

"ఇగ తొవ్వల ఎక్కడన్న ఆగచ్చు సారూ."

వాల్వు టోపీలు నాలుగూ కొత్త టైర్లతో పాటే వచ్చాయి. వెతకాల్సిన పని పడలేదు.

సాయంత్రం కారులో కూర్చున్న మా ఆవిడ "ఇప్పుడు కారు లెక్కున్నది," అంది.

మర్నాడు హనుమకొండ వెళ్లాను. షాపు వెనక నేల ఊడ్చి ఉంది. "నిన్ననే లారీ వచ్చి మొత్తం ఎత్తుకపోయింది సార్," అన్నాడు మేనేజరు. ఎక్కడికి అని అడిగితే, "పాత రబ్బరు కొనేటాయన. ఎటు తీస్కపోతడో మాకు తెల్వది," అన్నాడు. కాకా ముందు రేపు తెస్తానని నేను చెప్పిన రోజే ఆ లారీ వచ్చింది.

తర్వాత నేను చేసిన పని కూడా రాయాలి. ఇనుప సామాను కొట్టులో గుప్పెడు మేకులు కొన్నాను. అందులో ఒకటి తీసి, ఇంటి వెనక బట్టలుతికే బండ మీద దాని తల రుద్దాను. ఎక్కువ కాదు. ఆ రోజే తోవలో దిగినట్టు కనబడితే చాలు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో లేని ఆధారాన్ని నేనెప్పుడూ పుట్టించలేదు. ఆ రోజు మాత్రం చెయ్యి తడబడలేదు.

ఆయన దాన్ని అరచేతిలోకి తీసుకుని షెడ్డు నీడ దాటి ఎండలోకి నడిచాడు. బొటనవేలితో తలను తడిమాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నేను టిఫిను డబ్బా ఉన్న కుర్చీ పక్కన నిలబడ్డాను.

"ఎక్కడ దొరికింది సారూ?"

"కుప్పలనే కాకా."

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. "టైరుల తిరిగిన మొల అంచులు సుట్టూత అరుగుతయి. ఇది ఒక్క దిక్కే అరిగింది. బండ మీద రాసిండ్రు." మేకును పిడికిట్లో మూశాడు. "ఇది ఎవ్వలింటికీ పోని సుట్టం సారూ."

ఆయన ఆ మేకును పాలపొడి డబ్బాలో వెయ్యలేదు, జేబులో వేసుకున్నాడు. టిఫిను డబ్బాను కింద పెట్టి కుర్చీ నా వైపు జరిపాడు. "చెల్లె, సారుకొక చాయ్." చాయ్ వచ్చింది. ఆ రోజు నేను కూర్చుని తాగాను. ఇద్దరం రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ కూర్చున్నాం. ఆయన ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

కొట్టు మునుపటిలాగే నడిచింది, బండ్లు తగ్గలేదు. రాడ్డు మేకుకు వేలాడింది. మీటరు అంకె చూపుతుంటే ఎవరూ నోరు మూసుకోవాల్సిన అవసరం లేదు. ఆటోల్లో పాటలు నడుస్తూనే ఉండేవి, ఫోను మాటలు సాగుతూనే ఉండేవి. "కాకా మోడ్రన్ అయిండు" అని డ్రైవర్లు వేళాకోళం చేస్తే, "కావాలె గదా బిడ్డా" అనేవాడు. ఇన్నాళ్లూ తాము ఏం ఆపేవారో, ఇప్పుడు ఎందుకు ఆపడం లేదో వాళ్లకెవరికీ తట్టినట్టు లేదు.

ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే అటుగా వెళ్లాను. అక్క కొట్టు మూసి ఉంది. షెడ్డు ముందు డ్రైవరు లేని లారీ ఒకటి ఆగి ఉంది. దాని వెనక టైరు దగ్గర కాకా ఒంటరిగా వంగి ఉన్నాడు. చేతిలో రాడ్డు. ఎడమ చెయ్యి పైకి లేచి ఉంది. చుట్టుపక్కల ఊరుకోమని చెప్పడానికి ఒక్క మనిషి లేడు. నా కారు చప్పుడు విని చెయ్యి దించేశాడు. "రాండ్రి సారూ, ఎంత గొట్టాలె?" అంటూ మీటరు కోసం లోపలికి పోయాడు.

మొన్న వానలు మొదలయ్యాక గాలి కోసం వెళితే షెడ్డుకు తాళం ఉంది. అక్క కొట్టులోంచే చూసి లేచి వచ్చింది.

"కాకా పోయి నెల దాటింది సారూ. మీకు చెప్దామంటే నంబరు ఎవ్వలకాడ లేకపాయె."

"ఎట్ల అక్కా?"

"పొద్దుగాల చాయ్ తీస్కపోతే కుర్సీల కూసోనే ఉన్నడు. అప్పటికే అయిపోయింది. నాకంటె ముందుగాల ఒక ఆటో ఆయన వచ్చిండట. తనే గాలి కొట్టుకున్నడట. 'పోతాన్న కాకా' అని చెప్పి పోయిండట."

చర్చివాళ్లు వచ్చి మట్టి చేశారని చెప్పింది. ఆయన పేరేమిటని అడిగాను. "మేమంత కాకానే అందుము సారూ. చర్చి పుస్తకంల ఉంటది," అంది. ఇంకొకటి అడగకుండా ఉండలేకపోయాను. "ఆయన చెవులు మంచిగనే ఉండెనా?"

ఆమె ఆలోచించింది. "నేను అటు తిరిగి మెల్లగ తిట్టినా ఇనేటోడు. ఒక్కోపారి ముందర నిలబడి పిలిచినా పలుకకపోయేటోడు. చెవులో మనసో, ఎవ్వలకెరుక?"

గది ఖాళీ చేసినప్పుడు పాలపొడి డబ్బాలన్నీ పాత ఇనుము కింద పోయాయట. "గూట్లె గిది ఒక్కటే విడిగ పెట్టుకున్నడు. ఏమన్న ముఖ్యమైందేమోనని దాచిన," అంటూ కాగితంలో చుట్టిన మేకు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. తల ఒక్క దిక్కే అరిగి ఉంది. తీసుకున్నాను.

మూడు రన్‌ఫ్లాట్ టైర్లు ఇప్పటికీ ఆ షెడ్డు వెనక వానకు తడుస్తున్నాయి. నాలుగోదాని కోసం హనుమకొండ షాపులో ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాను. పాత రబ్బరు కొనేటాయన ఈ మధ్య రావడం లేదట. ఆ టైరులో మేకు ఉందో లేదో, ఉంటే దాని తల నల్లగా ఉందో తెల్లగా ఉందో, చూసినవాళ్లెవరూ లేరు.